నైలునది శిలలు - రోము నగర శోభ

ఈజిప్టుదేశపు ప్రాచీన శిలాస్తంభములలో నేటికిని నిలిచియున్న వానియందెల్ల పెద్దది ఈజిప్టులో లేదు. అది రోము నగరమున లాటరను దేవాలయము ప్రక్కనున్నది. 105 అడుగుల పొడవు, 455 టన్నుల బరువు గల యీ యేకశిలను క్రీస్తుపూర్వము పదునైదవ శతాబ్దమున మూడవ థుట్మోసు రాజు కర్ణాకు ఆలయమునకై తొలిపించెను. రాజు గతించెను. శిల 35 సంవత్సరములు ఆలయ సమీపముననే నేలపై పడియుండెను. పిమ్మట ఆయన మనుమడు నాలుగవ థుట్మోసు దానిని నిలువబెట్టించి, తాతగారి బిరుదావళిని నడిమి వరుసలో నుండనిచ్చి, ఇరుప్రక్కల తన ప్రశస్తిని చెక్కించెను. పదునేడు శతాబ్దములు గడచిన తరువాత కాన్‌స్టంటైను చక్రవర్తి దానిని పెకలించి, నైలునదిమీదుగా అలెగ్జాండ్రియా రేవునకు దింపించి, తానును గతించెను. ఆయన కుమారుడు కాన్‌స్టాంటియసు క్రీ.శ. 357లో దానిని సముద్రము దాటించి, రోములోని రథపందెముల మైదానమున ప్రతిష్ఠించెను. రోము క్షీణించెను, స్తంభము కూలి మూడు తునుకలై మట్టిలో కూరుకొనిపోయెను. 1587లో దానిని త్రవ్వి తీసిరి. మరుసటి సంవత్సరమున అయిదవ సిక్స్‌టసు పోపు దానిని ఇప్పుడున్న చోట నిలిపించి, శిఖరమున శిలువను, పీఠముమీద తన పేరును ఉంచెను.

శిల యొక్కటి, ప్రభువు లైదుగురు. ఈ యైదుగురిలో ఎవ్వరును ఆ రాతిపై నొక్క ఉలిదెబ్బ వేసినవారు కారు.

ప్రాచీన కట్టడములను గూర్చి వ్రాయువారు సాధారణముగ రాజుల వంశావళులతో ప్రారంభింతురు. మేము ఆ దారి విడిచి రాతినే వెంబడింపదలచితిమి. రాయి ఎక్కడ పుట్టెను, ఎట్లు కదలెను, ఎట్టి కట్టుబడిలో నొదిగెను అను ప్రశ్నలకు సమాధానము దొరకినచో, ఈజిప్టు కళకును రోమకుల కళకును గల భేదమును, వానికిగల బంధుత్వమును పాఠకులకు తేటపడునని మా నమ్మకము.

ఈజిప్టు కట్టుబడికి మూలబలము బరువు. క్రీస్తుపూర్వము 2560 ప్రాంతమున ఖూఫూ రాజునకై గిజాలో కట్టిన పెద్ద పిరమిడు ఒక్కొక్క వైపున 755 అడుగుల నిడివి గలదై, మొదట 481 అడుగుల యెత్తుండెను. ఇందు సుమారు 23 లక్షల రాళ్ళున్నవని లెక్కగట్టినారు. దీనిని లక్షమంది మూడేసి నెలల వంతున ఇరువదియేండ్లు కట్టిరని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. ఆ మాట పట్టుకొని కొరడాదెబ్బలకు లోబడిన బానిసల చిత్రము నొకదానిని లోకము చిరకాలము కల్పించుకొన్నది. ఆ చిత్రము ఇప్పుడు నిలువదు. 1990 మొదలుకొని పిరమిడుల చెంతనే బయల్పడిన పనివారి సమాధులలో వారికి మర్యాదగ అంత్యక్రియలు జరిగినట్లు కనబడుచున్నది. అంతకంటె విలువగలది 2013లో ఎఱ్ఱసముద్రపు టొడ్డున వాడి అల్‌జర్ఫు అనుచోట పియెర్ టాలె అను ఫ్రెంచి పండితుని బృందమునకు దొరకినది: ఖూఫూ కాలపు పపైరసు కాగితములు. వ్రాతగల పపైరసులలో వీనికంటె పురాతనమైనవి ఇంతవరకు దొరకలేదు. అందు మెరెరు అను మేస్త్రీ దినచర్య యున్నది. అతడును అతని పడవవారును టూరా గనులనుండి తెల్ల సున్నపురాయిని నదిమీద గిజాకు చేర్చిన వైనము దినదినమునకును అందు వ్రాయబడియున్నది. ఈనాడు బయలుదేరితిమి, ఫలానాచోట రాత్రి గడపితిమి, రాయి దింపితిమి - ఇంతే. అందొక వర్ణన లేదు, స్తోత్రము లేదు. ప్రపంచాద్భుతములలో మొదటిదానిని గూర్చి, ఆ పనిలో నున్నవాడే వ్రాసియుంచినది ఒక పద్దుపుస్తకమగుట మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది.

రాజుల సమాధులను తొలిచి చిత్రించిన శిల్పులు థీబ్సు పడమటి కొండలలో ఒక గ్రామమున కాపురముండిరి. ఆ గ్రామము పేరు నేడు డేరెల్ మదీనా. మూడవ రామెసీసు ఏలుబడి 29వ యేట, అనగా క్రీస్తుపూర్వము 1157 ప్రాంతమున, వారికి రావలసిన ధాన్యపు బత్తెము రాలేదు. పనిముట్లు దించి, కాపలాగోడలు దాటి పోయి, వారు ఆలయముల చెంత బైఠాయించిరి. ఆకలిదప్పులచే వచ్చితిమనియు, తమ మాట రాజునకు తెలుపుడనియు వారు చెప్పినట్లు ఆ కాలపు లేఖకుడే వ్రాసియుంచెను. ఆ పత్రము ఇటలీలోని ట్యూరిను ప్రదర్శనశాలలో నున్నది. చరిత్రకెక్కిన సమ్మెలలో ఇది మొదటిదని చెప్పుదురు. స్వర్గమునకు రాజును సాగనంపు చిత్రములను గీసిన చేతులకు కూడు కరవైనదన్న మాట ఆ చిత్రముల సౌందర్యమును తగ్గింపదు గాని, వానిని చూచు మన చూపును కొంత మార్చును.

ఇక ఆలయముల మాట. కర్ణాకులోని మహామండపమున 134 స్తంభములున్నవి. నడిమి 12 స్తంభములు 69 అడుగుల యెత్తు గలవి. తక్కినవి వానికంటె పొట్టివి. లోన నడచువారికి తాము మనుష్యనిర్మితమైన యడవిలో నున్నట్లు తోచును. ఇన్ని స్తంభములు, ఇంత లావుగ, ఇంత దగ్గరదగ్గరగ ఏల? ఇది కేవలము వైభవముకొరకే యని తలచుట పొరపాటు. స్తంభముపై స్తంభమునకు రాతిదూలము పరచి కప్పు వేయువానికి వేఱు గతిలేదు. రాయి నొక్కుడును ఎంతయైన ఓర్చును, లాగుడును ఓర్వలేదు. దూలము నిడివి పెరిగినకొలది దాని అడుగుభాగము లాగబడి పగులును. కాబట్టి దూలములు పొట్టివి కావలెను, స్తంభములు దగ్గర కావలెను. మన దక్షిణదేశపు వేయికాళ్ళ మండపములలో తిరిగినవారు ఈ రహస్యమును పుస్తకము చూడకయే ఎరుగుదురు. ఈజిప్టువారు తమ నిర్బంధమునే శోభగ మార్చిరి. స్తంభములను పపైరసు కాడల మోపులుగను, పైభాగములను విచ్చిన పూవులుగను మలచి, నడిమి వరుసలను ఎత్తుచేసి, ఆ యెత్తు సందులలో రాతి జాలకములనుంచి వెలుతురు దింపిరి. రాతి యడవిలోనికి వెలుగు పైనుండి చారలుగ జారును.

వారి శిల్పములలో మొగము ప్రక్కకు, కన్ను ఎదురుగను, భుజములు ఎదురుగను, కాళ్ళు మరల ప్రక్కకు తిరిగియుండును. చిత్రము వ్రాయనేరక యిట్లు వ్రాసిరని కొందరి యపోహ. పక్షులను, చేపలను, గాడిదలను వారు చిత్రించిన తీరు చూచిన పిదప ఎవ్వరును ఆ మాట అనజాలరు. మనుష్యుని ఒక క్షణమున కనబడినట్లు గాక, ఏ యవయవమునకు ఏ రూపము ప్రధానమో ఆ రూపముననే సంపూర్ణముగ నిలుపుట వారి సంకల్పము. ఆ విగ్రహము పరలోకమున జీవింపవలసినది గనుక కొరత యుండగూడదు. బయటి గోడలమీద బొమ్మను ఉబ్బెత్తుగ తేల్చక, చుట్టును లోతుగ గాడిచెక్కి, ఆ గాడిలోపల బొమ్మను మలచుటలో నొక కారణమున్నది. అక్కడి యెండ క్రూరమైనది. ఉబ్బెత్తు బొమ్మ ఆ యెండలో వెలవెలబోవును. గాడిలోని బొమ్మకు నీడయే గీతయగును. సూర్యుడే వారికి కుంచె పట్టినాడన్నమాట.

ఆ సూర్యునికై నిలిపినవే పైన చెప్పిన యేకశిలాస్తంభములు. పలుచదరపు శిఖరమును బంగారు వెండి మిశ్రమముతో పొదిగి, ప్రొద్దుపొడుపు మొదటి కిరణమును అందుకొనునట్లు ఆలయద్వారముల కిరువైపుల జంటగ నిలిపెడివారు. వీనిని చూచిన గ్రీకులు మాంసము గ్రుచ్చి కాల్చు చిన్న కడ్డీకిగల తమ మాటతో 'ఒబెలిస్కు' లని పిలిచిరి. పరదేశ యాత్రికుల పరిహాసమే లోకమున స్థిరమైన పేరైనది.

కర్ణాకులోనే హాట్షెప్సుటు రాణి నిలిపిన స్తంభ మొకటి 97 అడుగుల యెత్తున నేటికిని నిలిచియున్నది. బరువు 323 టన్నులు. గనిలో పని ప్రారంభించి ముగించుటకు ఏడు నెలలు పట్టినదని దాని పీఠముపై రాణియే చెక్కించినది. ఈ యేడు నెలల మాట నమ్మదగినదా? 1922లో ఆస్వాను గనిని శోధించిన ఎంగెల్‌బాకు అను ఇంజనీరు ఈ ప్రశ్ననే వేసికొనెను. అక్కడి ఎఱ్ఱ గ్రానైటును ఆకాలపు రాగి ఉలి కోయజాలదు. డోలరైటు అను మిక్కిలి గట్టియైన నల్లరాతి గుండ్లు గనినిండ పడియున్నవి. వానితో గ్రానైటును దంచి దంచి పొడిచేసి, స్తంభమునకు చుట్టును మనిషి పట్టునంత కందకము త్రవ్వి, తుదకు అడుగునను దంచి విడదీసిరని ఆయన తేల్చెను. తానే గుండు చేతబట్టి గంటసేపు దంచిచూడగా సుమారు అయిదు మిల్లీమీటర్ల లోతు దిగినదట. లెక్క సరిపోయినది: చాలినంతమంది, ఒకరి ప్రక్క నొకరు, వంతులవారీగ దంచినచో నెలలలో నగును. ఇందు మంత్రము లేదు, మాయ లేదు. పోయిన నాగరికతల రహస్యయంత్రములును లేవు. ఇట్టి వింతలు చెప్పి పుస్తకములమ్ముకొనువారికి గంటసేపు ఆ గుండు నిచ్చి దంచిరమ్మనిన బాగుండును.

క్రీస్తుపూర్వము 30లో ఈజిప్టు రోమకుల వశమయ్యెను. ఇరువదియేండ్ల పిమ్మట, క్రీస్తుపూర్వము 10లో, ఆగస్టసు చక్రవర్తి హీలియోపొలిసునుండి రెండు స్తంభములను రోమునకు తెప్పించెను. ఒకటి సేటి, రామెసీసు రాజులది. మరియొకటి రెండవ సామెటికసు రాజుది. ఈజిప్టు రోమక ప్రజల యధికారమునకు లోబడిన సందర్భమున సూర్యునికి ఈ కానుక నిచ్చుచున్నానని రెంటి పీఠములపైనను లాటిను భాషలో చెక్కించెను. సూర్యుని స్తంభమును తెచ్చి సూర్యునికే కానుకయిచ్చుటలోని చమత్కారము పాఠకులు గ్రహింపకపోరు. రెండవదానిని ఆయన ఊరి వెలుపలి మైదానమున నిలిపి, దాని నీడను నేలపై నాటిన కంచురేఖతో కొలిచి, ఏడాదిలో పగటి హెచ్చుతగ్గులను చూపునట్లు చేయించెను. రోమకుల స్వభావ మిందు కనబడును: దేవతావస్తువునకు గూడ ఒక పని యప్పగింతురు.

తరువాత కాలిగులా చక్రవర్తి తెప్పించిన స్తంభముతో వచ్చిన ఓడ ఆనాటి ప్రజలకు స్తంభముకంటె పెద్ద వింత. స్తంభము కదలకుండుటకై ఓడలో లక్షా ఇరువదివేల కుంచముల మసూరు గింజలు పోసిరని ప్లినీ వ్రాసెను. మేము కుంచమన్నది రోమకుల 'మోడియసు' అను కొలతను. క్లాడియసు చక్రవర్తి పిమ్మట ఆ యోడనే ఓస్టియా రేవున ముంచి, దానిపై దీపస్తంభమునకు పునాది వేయించెను. కాన్‌స్టాంటియసు తెప్పించిన పెద్ద స్తంభము వచ్చిన నావను మున్నూరుమంది తెడ్లవారు నడపిరని అమ్మియానసు అను చరిత్రకారుడు చెప్పుచున్నాడు.

అయితే రోమకులు ఇట్లు రాళ్ళు మోసికొనిపోవువారు మాత్రమే యని తలచినచో వారికి అన్యాయము చేసినట్లగును. ఈజిప్టు దాటలేకపోయిన హద్దును వారు దాటిరి. దూలమును విడిచి కమానును పట్టిరి. కమానులో ప్రతి రాయియు నొక్కబడునే గాని లాగబడదు. కాబట్టి రాతి బలహీనత అక్కడ అడ్డురాదు. దీనికి తోడు నేపుల్సు ప్రాంతపు అగ్నిపర్వత భస్మమును సున్నముతో కలిపిన గచ్చు వారికి లభించెను. నీటిలో సైతము గట్టిపడు ఈ గచ్చులో రాతిముక్కలను, ఇటుక పెంకులను వేసి కాంక్రీటు చేసిరి. రెండువేల యేండ్లైనను అది ఏల చెడదని పండితులు చాలకాలము తర్కించిరి. అందలి తెల్లని సున్నపు పలుకులు కలుపుటలోని యశ్రద్ధ కాదనియు, పొడిసున్నమును వేడిమీద కలుపుటచే నేర్పడినవనియు, బీటలోనికి నీరు దిగినపుడు ఆ పలుకులే కరగి మరల గట్టిపడి బీటను పూడ్చుననియు 2023లో కొందరు పరిశోధకులు ప్రకటించిరి. మన పాత మేడల గచ్చుపని చూచినవారికి సున్నముయొక్క ఓర్పు తెలియనిది కాదు.

ఈ విద్య పరాకాష్ఠ నందినది పాంథియనునందు. హేడ్రియను చక్రవర్తి కాలమున, క్రీ.శ. 125 ప్రాంతమున ముగిసిన యీ దేవాలయపు గుమ్మటము అడ్డుకొలత 142 అడుగులు. నేలనుండి యెత్తును అంతయే. అనగా ఒక నిండు గోళము లోపల సరిగ ఇమడును. ఇనుపకమ్మి లేని కాంక్రీటు గుమ్మటములలో ఇంతకు మించినది నేటికిని లేదు. క్రింది గోడల దళసరి 20 అడుగులు. పైకి పోయినకొలది గుమ్మటము పలుచనగుటయే కాదు, పదార్థమే తేలికయగుచు వచ్చును: అడుగున బరువైన సున్నపురాతి ముక్కలు, పిదప ఇటుక, నడుమ మెత్తని అగ్నిశిల, కొనకు నీటిపై తేలు నురుగురాయి. శిఖరమున కప్పేలేదు, 27 అడుగుల గుండ్రని తెరపి. దానిగుండ ఎండ పడి ఆ బింబము గోడలవెంట పగలెల్ల ప్రాకును; వాన పడిన నేలపైనే పడి, సన్నని రంధ్రములగుండ పోవును. కర్ణాకులో రాతి నడుమ దారి వెదకికొనుచు నడువవలెను. ఇక్కడ రాయి గోడలకు వెనుదీసి మనకు ఆకాశమును చూపును. బరువును కళ చేసినవారు ఈజిప్టువారు, శూన్యమును కళ చేసినవారు రోమకులు అని మా యభిప్రాయము.

ఇంతటి శూన్యమునకు వాకిలియైన ముఖమండపమున నిలిచినవి మాత్రము మరల ఈజిప్టు శిలలే. పదునారు స్తంభములు, ఒక్కొక్కటి యేకశిల, సుమారు 39 అడుగుల యెత్తు, 60 టన్నుల బరువు. బూడిదరంగువి నైలునదికి తూర్పున ఎడారికొండలలోని క్లాడియను పర్వతపు గనినుండి, గులాబిరంగువి ఆస్వానునుండి వచ్చినవి. ఎడారి గనినుండి నదికి డెబ్బది మైళ్ళకు పైగా బండ్లమీద లాగుట, నదిమీద అలెగ్జాండ్రియాకు, అక్కడనుండి సముద్రముమీద ఓస్టియాకు, మరల టైబరునదిమీద రోమునకు - ఇదీ ఒక్కొక్క స్తంభము ప్రయాణము. ఇందొక వింత యున్నది. ముఖమండపపు కప్పునకును వెనుకనున్న కట్టడమునకును సరిగ అతుకు కుదరలేదు. వెనుకగోడపై, కొంత యెత్తున, మరియొక కప్పు వాలు గుర్తులున్నవి. 50 రోమను అడుగుల స్తంభములకై మొదట నమూనా వేసియుండగా, అంతటివి గనినుండి రాకపోవుటచే 40 అడుగులవానితో సరిపెట్టుకొనిరని కొందరు వాస్తుపండితులు ఊహించుచున్నారు. ఈ ఊహ నిజమైనచో, లోకమునేలిన చక్రవర్తి నమూనాను ఎడారిలోని రాళ్ళు కొట్టువారు దిద్దిరన్నమాట.

ఆ రాళ్ళు కొట్టువారిని గూర్చి మనకిప్పుడు తెలియును. 1987 మొదలు 1993 వరకు క్లాడియను పర్వతమున జరిగిన త్రవ్వకములలో వేలకొలది కుండపెంకులు దొరకినవి. కాగితము ప్రియమైన ఆ యెడారిలో ఉత్తరములు, లెక్కలు, చీట్లు అన్నియు పెంకులమీదనే. అందొకటి నీటి పంపకపు జాబితా. సుమారు 900 మందికి ఎవరికెంత నీరో అందు లెక్క యున్నది. జీతగాండ్రైన ఉలిపనివారు, కమ్మరులు, సైనికులు అందున్నారు. ఇదియు సంకెళ్ళు వేసిన నేరస్థుల బందీఖానా యని పూర్వము తలచిరి. పెంకులు ఆ మాటను గూడ త్రోసిపుచ్చినవి. గనిలో నేటికిని పగిలిన స్తంభములు పడియున్నవి. వానిలో నొకటి 60 అడుగులది. తొలిచి ముగించిన పిదప బీట కనబడెను, ఇనుపపట్టీలు వేసి చూచిరి, తుదకు విడిచిపోయిరి.

ఈజిప్టుమోజు రోములో ఫ్యాషనుగ మారిన ముచ్చటయు కొంత చెప్పవలెను. గైయసు సెస్టియసు అను నధికారి క్రీస్తుపూర్వము 18 - 12 నడుమ తన సమాధికై నగరపు పొలిమేరలో ఒక పిరమిడు కట్టించుకొనెను. ఎత్తు సుమారు 120 అడుగులు. 330 దినములలో ముగిసినదని దానిపైననే వ్రాసియున్నది. ఖూఫూ పిరమిడు గుండెవరకు రాయి. దీనిది లోన కాంక్రీటు, పైన చలువరాతి పలకలు. రూపము నైలుది, కట్టుబడి టైబరుది. డొమీషియను చక్రవర్తి ఆస్వాను గ్రానైటుమీద తన బిరుదులను ఈజిప్టు చిత్రలిపిలో చెక్కించెను. ఆ స్తంభమే నేడు నవోనా చౌకమున బెర్నీని శిల్పి 1651లో ముగించిన నాలుగు నదుల ఫౌంటెనుపై నిలిచియున్నది. స్పానిషు మెట్లపైనున్న మరియొక స్తంభపు వ్రాత మరింత వినోదము. లిపి తెలియని రోమక శిల్పి ఆగస్టసు తెచ్చిన స్తంభమును చూచి ఆ యక్షరములను నకలు చేయగా, కొన్ని తలక్రిందులైనవి. చదువురాని పెయింటరు చేత సైనుబోర్డు వ్రాయించుకొన్న దుకాణదారులు మన పేటలలోను లేకపోలేదు. 1822లో షాంపోలియను ఆ లిపిని విప్పువరకు పదునాలుగు శతాబ్దములు ఆ తప్పులు ఎవరికిని తెలియలేదు.

కాలిగులా తెచ్చిన స్తంభమును 1586లో సెయింటు పీటరు దేవాలయము ముందరికి జరుపుటకు డొమెనికో ఫాంటానా అను వాస్తుశిల్పి దాదాపు 900 మంది మనుష్యులను, గుర్రములను, నలుబది రాట్నములను వినియోగించెను. దూరము వేయి యడుగులైనను లేదు. ఫాంటానా తన పద్ధతిని బొమ్మలతోకూడ గ్రంథముగ వ్రాసి ప్రకటించెను. ఇంజనీరులైన మా పాఠకులు ఆ బొమ్మలను చూచిన సంతసింతురు. థుట్మోసు ఇంజనీరులు ఇట్టి గ్రంథము నొక్కటి వ్రాసియుంచినచో ఎంత బాగుండెడిదో! రోములో ఇట్టి ప్రాచీన స్తంభములు నేడు పదుమూడున్నవి. మరి యే నగరమునందును ఇన్ని లేవు.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ మోజు మరల రేగెను. లక్సరు ఆలయద్వారమునందలి జంటలో నొకటి పారిసు చేరి 1836లో నిలిచెను. రెండవది ఒంటరిగ అచ్చటనే యున్నది. దానికి బదులుగ ఫ్రెంచివారు కైరోకు కానుకయిచ్చిన గడియారము, ఏండ్లతరబడి నడువక నిలిచియుండుటచేతనే పేరుకెక్కినది. 1877లో లండనునకు మరియొక స్తంభమును ఇనుపగొట్టమువంటి నావలో నుంచి తెచ్చుచుండగా, బిస్కే అఖాతమున తుపాను లేచి ఆరుగురు నావికులు మరణించిరి. థేమ్సునది యొడ్డున దాని పీఠముపై ఆ యార్గురి పేర్లున్నవి. మూడున్నర సహస్రాబ్దుల యేకశిలల కథలో, మోసినవారి పేర్లను పీఠమున చెక్కిన సందర్భము మాకు ఇదియొక్కటే కనబడినది.

కొనిపోయినదానిని మరల నిచ్చివేయుట సాధ్యమా యని ఎవరైన అడిగిన, రోమునందే యొక నిదర్శనమున్నది. 1937లో ముస్సోలిని ప్రభుత్వము ఇథియోపియాలోని ఆక్సుము నగరమునుండి 160 టన్నుల శిలాస్తంభము నొకదానిని రోమునకు కొనివచ్చెను. మరల నిచ్చునట్లు 1947 సంధిలో ఇటలీ ఒప్పుకొన్నను, ఆ మాట చెల్లుటకు దాదాపు అరువది యేండ్లు పట్టెను. 2005లో మూడు ముక్కలుగ విమానమెక్కి స్వదేశము చేరి, 2008లో అది తన చోట నిలిచెను. ఆగస్టసు తెచ్చినవానిని ఎవ్వరును ఇట్లు అడుగుట లేదు. ఎన్ని శతాబ్దములు గడచిన దొంగసొత్తు వారసత్వమగునో ఏ ధర్మశాస్త్రమును చెప్పదు. ఎగ్మూరు ప్రదర్శనశాలలో అమరావతి పలకల నెదుట నిలిచి, వాని తోడివి 1859లో ఓడనెక్కి లండను చేరినవని తలచుకొనిన తెలుగువానికి ఈ ప్రశ్న పరాయిది కాదు.

కదలించుట యెల్లప్పుడును అపహరణము కాదు. ఒక్కొక్కప్పుడు అదియే రక్షణము. ఆస్వాను పెద్ద ఆనకట్ట కట్టినప్పుడు అబూసింబెలు ఆలయములను 1964 మొదలు 1968 వరకు రాతిదిమ్మెలుగ కోసి, రెండువందల యడుగులకు పైని మెట్టకు ఎక్కించి మరల కూర్చిరి. ఫైలే ద్వీపాలయమును సమీపమున నున్న అగిల్కియా ద్వీపమునకు చేర్చిరి. ఇట్టి పనియే కృష్ణాతీరమున అంతకు ముందే ప్రారంభమైనది: నాగార్జునసాగరపు నీట మునుగనున్న విజయపురి శిథిలములను 1954 - 60 నడుమ త్రవ్వి, కొన్ని కట్టడములను ఇప్పుడు ద్వీపమైన నాగార్జునకొండమీద తిరిగి నిర్మించిరి. రెండుచోట్లను రాయి దక్కినది. రాతిచుట్టునున్న లోయ, పొలము, ఊరు నీటిపాలైనవి. నూబియా ప్రజలు వేలకొలదిగ తరలిపోవలసివచ్చెను. ఆలయమునకు దొరకిన ఇంజనీరులు ఊళ్ళకు దొరకలేదు.

ఇన్ని ప్రయాణముల నడుమ ఒక్క శిల మాత్రము పుట్టినచోటనే యున్నది. ఆస్వాను ఉత్తరపు గనిలో 137 అడుగుల నిడివిగల స్తంభము వెల్లకిల పడియున్నది. విడదీసియుండిన బరువు వేయి టన్నులు దాటెడిది; లాటరను స్తంభమునకు రెట్టింపుకంటె హెచ్చు. హాట్షెప్సుటు రాణి కాలపుదని సాధారణముగ చెప్పుదురు గాని, దానిపై ఏ రాజు పేరును లేదు. మూడు ప్రక్కల కందకము దిగిన పిదప రాతిలో బీట కనబడెను. స్తంభమును చిన్నది చేసి దక్కించుకొన చూచి, క్రొత్త కొలతగీతలు గీసిరి. బీటలు మరల అడ్డువచ్చెను. అడుగుభాగమింకను కొండను వీడలేదు. కందకపు గోడలమీద గుండుదెబ్బల గుంటలు వరుసలు వరుసలుగ కనబడుచున్నవి. ఏ వంతువాడు ఆ దినమున ఎంత లోతు దంచెనో కొలిచి, మేస్త్రీ ఎఱ్ఱమన్నుతో గీచిన గీతలు వాని నడుమ అట్లే యున్నవి.